మన ఇళ్లలో మిగిలిపోయిన వర్ణం

(వైశాఖ పూర్ణిమ సందర్భంగా జరిగిన ఉపాసికల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం ‘బౌద్ధంలో స్త్రీ స్థానం’. ఈ అంశంపై మన సభల్లో ప్రసంగాలకు కొదవలేదు. అవి సాధారణంగా మహాప్రజాపతి గౌతమి సంఘప్రవేశంతో మొదలై, హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినప్పుడు బాబాసాహెబ్ 1951లో మంత్రిపదవిని త్యజించిన ఘట్టంతో ముగుస్తాయి. ఆ రెండూ మనకు గర్వకారణాలే. అయితే గర్వించడానికి పనికివచ్చే చరిత్రను మాత్రమే చెప్పుకొని ఇంటికి వెళ్లిపోవడం చరిత్ర పాఠాలు చెప్పుకొనే నాకు తృప్తినివ్వదు. అందుచేత అధ్యక్షురాలి అనుమతితో ఈ విశాలమైన అంశంలో ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకుంటాను. అది మన ఆడపిల్లల ఒంటి రంగు. వినడానికి చిన్న విషయంగా తోచవచ్చు. చిన్నది కాదని నాకు మా చెల్లెలు నేర్పింది.

పన్నెండేళ్ల క్రితం ఆమెకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో బయోడేటా తయారుచేసే బాధ్యత నాపై పడింది. మా నాన్నగారి కాలంలోనే ధమ్మదీక్ష తీసుకున్న కుటుంబం మాది. కులం అన్న గడిలో ‘బౌద్ధం’ అని రాశాను. రాస్తున్నప్పుడు ఛాతీ కొంచెం ఉప్పొంగిన మాట కూడా నిజమే. దాని కింద ఎత్తు, దాని కింద రంగు. ఆ గడిలో ‘ఫెయిర్’ అని రాశాను. కాగితం చెల్లెలికి చూపించాను. ఆమె రెండు గడులనూ వేలితో చూపి, “అన్నయ్యా, కులం దగ్గర నిజం రాశావు. రంగు దగ్గర అబద్ధం ఎందుకు రాశావు?” అని అడిగింది. “అందరూ అలాగే రాస్తారమ్మా” అన్నాను. “అందరూ రాసేదే రాయాలంటే కులం గడిలో కూడా అందరిలాగే రాయవలసింది కదా” అన్నది. నా దగ్గర సమాధానం లేదు. అయినా కాగితం మార్చలేదు. వచ్చినవారు బుద్ధవందన చేసే కుటుంబంవారే. చూసి, ఫలహారం చేసి, మర్యాదగా సెలవు తీసుకున్నారు. మధ్యవర్తి ద్వారా కబురు వచ్చింది: “ఫొటోలో ఉన్నంత రంగు లేదు.” వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. వారు అడగబోయే ప్రశ్నకు వారు అడగకముందే తలవంచినవాణ్ణి నేను.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. శాసనాలను, తామ్రపత్రాలను చదివి ఒక కాలపు మనుషులు ఏమనుకున్నారో చెప్పడం నా వృత్తి. ఆ కాగితాన్ని కూడా అలాగే చదవాలని నేడు ప్రయత్నిస్తాను.

ముందుగా మన భాషనే చూద్దాం. తెలుగు ఇళ్లలో తెల్లని ఒంటిరంగును ‘ఎరుపు’ అంటారు. “పిల్ల ఎర్రగా, బుర్రగా ఉంది” అంటే అదొక పెద్ద మెప్పు. ఎరుపుకు, నలుపుకు మధ్య ‘చామనఛాయ’ అని ఒక మాట ఉంది. నిజానికి అది ఒక వర్ణాన్ని చెప్పే మాటే అయినా, పెళ్లి మాటల్లో అది నలుపును దాచే ముసుగుగా పనిచేస్తుంది. ఇక నల్లగా ఉన్న పిల్లను మెచ్చుకోవలసివస్తే “నల్లగా ఉన్నా కళగా ఉంది” అంటాం. ఆ ‘ఉన్నా’ అనే రెండక్షరాలను గమనించండి. లోపం ఉన్నది గాని క్షమించాం అని వాటి అర్థం. “తెల్లగా ఉన్నా కళగా ఉంది” అని ఎవరైనా అనగా విన్నామా? గర్భిణికి పాలలో కుంకుమపువ్వు కలిపి ఇస్తాం, బిడ్డ ఎర్రగా పుట్టాలని. పుట్టిన బిడ్డ ఆడపిల్ల అయితే, మొదటి ప్రశ్న ఆరోగ్యం గురించి కాదు, ఎవరి రంగు వచ్చిందని. నాన్న రంగు వస్తే బాగుండేది, మేనత్త రంగు వచ్చింది పాపం అని నిట్టూరుస్తాం. మగపిల్లవాడికి మాత్రం “మగవాడికి రంగుతో ఏం పని” అన్న అభయం పుట్టుకతోనే లభిస్తుంది. వాడికి చదువు, ఉద్యోగం చాలు. ఆమెకు చదువు, ఉద్యోగం, వాటితోపాటు రంగు, నాజూకుదనం, అణకువ కూడా కావాలి. రంగు తక్కువైతే ఆ లోటును కట్నంతో పూడ్చమంటారు. 1961 నుండి వరకట్న నిషేధ చట్టం ఉన్న దేశంలో, తండ్రి నల్లదనానికి జరిమానా కట్టినట్లు కడుతున్నాడు.

ఇది ఎప్పటి నుండి? చరిత్ర విద్యార్థి ఇక్కడ తొందరపడరాదు. నలుపును హీనంగా చూడడం ఈ దేశంలో ఎల్లప్పుడూ, అంతటా ఉన్న విషయమని చెప్పలేం. అజంతా మొదటి గుహలో చిత్రకారులు నల్లని ఛాయగల రాజవంశ స్త్రీలను గోధుమవర్ణపు స్త్రీల పక్కనే, అంతే శ్రద్ధతో, అంతే గౌరవంతో చిత్రించారు. ప్రాచీన కావ్యాల్లో శ్యామవర్ణం నాయికలకు వన్నెగానే చెప్పబడింది. కానీ ఆడపిల్లను ఎంపిక చేయవలసిన వస్తువుగా ఎంచి, ఆమె అవయవాలకు జాబితా వేసే అలవాటు మాత్రం చాలా పాతది. మనుస్మృతి మూడో అధ్యాయం ఎటువంటి కన్యను వివాహమాడరాదో చెబుతుంది. రోగిష్ఠి కూడదు, అదనపు అవయవం ఉన్నది కూడదు, ఒంటిపై రోమాలు లేనిదీ కూడదు, మరీ ఎక్కువ ఉన్నదీ కూడదు. ఈ శరీర దోషాల వరుసలోనే మరొకటి చేరింది: ఎక్కువగా మాట్లాడేది కూడదు. ఆ తర్వాత ఎలాంటిది కావాలో చెబుతుంది: నడక హంసలాగానో ఏనుగులాగానో ఉండాలి, దంతాలు చిన్నవిగా ఉండాలి, అంగాలు మృదువుగా ఉండాలి.

మాట్లాడడాన్ని శరీర దోషాల సరసన చేర్చడంలోనే అసలు కీలకం ఉందని నా అభిప్రాయం. చూడబడేది స్త్రీ, చూసేది పురుషుడు. చూడబడే వస్తువు నోరు విప్పితే జాబితా చెదిరిపోతుంది. ఆ నిబంధన రాసినవారికి ఈ సంగతి బాగా తెలుసు.

ఆధునిక కాలం ఈ జాబితాను చెరిపివేయలేదు. దానికి దుకాణం పెట్టింది. తెల్లవారి పాలన తెలుపుకు అధికారపు మెరుగును ఇచ్చింది. సినిమా ఆ మెరుగును ఊరూరా చూపించింది. 1975లో మన దేశపు మార్కెట్లోకి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే క్రీము వచ్చింది. తెల్లదనం, సౌందర్యం ఒకటేనని దాని పేరే చెప్పింది. నల్లని అమ్మాయికి సంబంధం కుదరదు, ఉద్యోగం రాదు, క్రీము రాసుకోగానే రెండూ వస్తాయి అన్న కథను ఇలాంటి ప్రకటనలు మూడు నాలుగు దశాబ్దాలపాటు మన ఇళ్లలోకి పంపాయి. 1991 తర్వాత సరళీకరణ వచ్చింది. 1994లో ఒకే ఏడాది విశ్వసుందరి, ప్రపంచసుందరి కిరీటాలు రెండూ భారతీయులకు దక్కాయి. మరో రెండేళ్లకు ప్రపంచసుందరి పోటీలే బెంగళూరులో జరిగాయి. ఎత్తుకు, నడుముకు, నవ్వుకు కొలతలు ఏర్పడ్డాయి. మండల కేంద్రాల్లో కూడా బ్యూటీ పార్లర్లు వెలిశాయి. పార్లర్ నడుపుకొని బతికే అక్కచెల్లెళ్లను నేను ఆక్షేపించడం లేదు. అది చాలామందికి గౌరవప్రదమైన జీవనాధారం. నా ప్రశ్న కొలబద్ద గురించి మాత్రమే.

నిరసనలు కూడా జరిగాయి. 2009లో చెన్నై నుండి ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ అనే ప్రచారోద్యమం మొదలైంది. నల్లని ఛాయను తక్కువగా చూపే ప్రకటనలు కూడదని 2014లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ఎగసిపడినప్పుడు, ఆ క్రీము పేరులోని ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. ఒక పెద్ద వివాహ సంబంధాల వెబ్‌సైటు ఛాయను బట్టి వధూవరులను వడబోసే సౌకర్యాన్ని తొలగించింది. తెలుపు అనే మాట వెనక్కు తగ్గింది. కాంతి, మెరుపు, నిగారింపు అనే మాటలు ముందుకు వచ్చాయి. పేరు మారినంత మాత్రాన వర్ణం పోదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? మనకు పెట్టిన పేర్లను ఈ దేశం ఎన్నిసార్లు మార్చలేదు?

పేరులేని క్రీముల సంగతి మరీ దారుణం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని పరీక్షించిన వైద్యులు, వారు ముఖం తెల్లబడటానికి వాడిన క్రీములకు ఆ జబ్బుతో సంబంధం ఉన్నదని గుర్తించారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. స్టెరాయిడ్ కలిసిన పూతమందును వైద్యుని చీటీ లేకుండానే ముఖానికి రాసుకొని చర్మం పలుచబడి, ఎండలోకి వెళ్తే మండిపోయే స్థితికి వచ్చిన అమ్మాయిలు మన ఊళ్లలోనూ ఉన్నారు. కనుక ఇది కేవలం మనోభావాల సమస్య కాదు, ప్రాణాలకు సంబంధించిన సమస్య కూడా.

ఇంతవరకు చెప్పింది అందరికీ వర్తించేదే. ఇక మనకు ప్రత్యేకమైన విషయానికి వస్తాను.

మన పిల్లలు హాస్టళ్లలో, కార్యాలయాల్లో తరచూ వినే ఒక మెప్పు ఉంది: “మీరు చూడటానికి ఎస్సీల్లా ఉండరండీ.” అన్నవారు అది అవమానమని గుర్తించరు. విన్నవారిలో కొందరు దానికి లోలోపల సంతోషిస్తారు కూడా. ఆ సంతోషంలోనే మన ఓటమి ఉంది. కులానికి ఒక ముఖం, ఒక రంగు ఉంటాయని లోకం నమ్ముతోంది. ఆ రంగు నుండి తప్పించుకుంటే కులం నుండి తప్పించుకున్నట్లేనని మనమూ నమ్ముతున్నాం. సంస్కృతంలో ‘వర్ణం’ అంటే రంగు, వర్ణవ్యవస్థ అనే రెండర్థాలూ ఉన్నాయి. మొదట వాటి మధ్య ఏ సంబంధం ఉండేదో పండితులు వాదించుకుంటారు. మన పెళ్లిచూపుల గదిలో మాత్రం ఆ రెండూ ఒకటే. వర్ణవ్యవస్థను గుమ్మం బయట వదిలి, వర్ణాన్ని ఇంట్లోకి తెచ్చుకొన్నాం. నా చెల్లెలు రెండు గడులను చూపి అడిగిన ప్రశ్నకు అర్థం ఇదే.

1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని దహనం చేసిన సంగతి మనందరికీ తెలుసు. ఆ రోజుల్లోనే, అక్కడికి వచ్చిన స్త్రీలతో ఆయన ప్రత్యేకంగా మాట్లాడిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. అంటరానివారని దూరం నుండే గుర్తుపట్టడానికి గుర్తులుగా మారిన చీరకట్టును, బరువైన చవక లోహపు నగలను వదిలివేయమని ఆయన చెప్పారు. శుభ్రంగా ఉండమన్నారు. ఆడపిల్లలను చదివించమన్నారు. ఆయన సౌందర్య పాఠం చెప్పలేదు. శరీరంపై కులం వేసిన ముద్రను తొలగించుకోమన్నారు. నగను తీసివేయవచ్చు. చీరకట్టు మార్చుకోవచ్చు. చర్మాన్ని మార్చుకోలేం, మార్చుకోవలసిన పనీ లేదు. అక్కడ మారవలసింది చూసే కన్ను. 1942లో నాగ్‌పూర్ మహిళా సదస్సులో ఒక సమాజపు పురోగతిని ఆ సమాజపు స్త్రీలు సాధించిన పురోగతితోనే కొలుస్తానని ఆయన అన్నారు. కొలబద్ద ఇవ్వబడింది. అందులో రంగుకు గడి లేదు.

ధమ్మం ఈ విషయంలో ఏమి చెబుతుంది? సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఇద్దరు బ్రాహ్మణ యువకులు, మనిషి పుట్టుక వల్ల గొప్పవాడవుతాడా, కర్మ వల్లనా అని తగవుపడి బుద్ధుని వద్దకు వస్తారు. గడ్డిలో, చెట్లలో, పురుగుల్లో, పక్షుల్లో, చేపల్లో జాతిభేదాన్ని తెలిపే గుర్తులు వేర్వేరుగా ఉన్నాయని, మనుషుల్లో అలాంటివి లేవని ఆయన చెబుతాడు. జుట్టులో, కన్నుల్లో, ముక్కులో, పెదవుల్లో లేవని ఒక్కొక్క అవయవాన్నే పేర్కొంటూ వస్తాడు. ఆ జాబితాలో రంగు కూడా ఉంది. మనువు అవయవాల జాబితా వేసింది మనిషిని వేరుచేయడానికి. తథాగతుడు అదే జాబితాను వేసింది వేరుచేయడం కుదరదని చూపడానికి. ఈ రెండు జాబితాల్లో మన పెళ్లి కాగితం ఏ జాబితాకు నకలో మనమే నిర్ణయించుకోవాలి.

ఇక థేరీగాథకు వద్దాం. డెబ్బైమూడు పద్యఖండికల ఈ సంకలనం భిక్షుణుల గొంతుకలతో నిండినది. ప్రపంచంలో స్త్రీలు స్వయంగా చెప్పుకొన్న మాటల అతిప్రాచీన సంకలనాల్లో ఇదొకటి. మనువు ఏ వాచాలతను దోషమన్నాడో ఆ వాచాలతే ఇక్కడ గ్రంథమైంది.

అంబపాలి వైశాలి నగరానికి అలంకారమని పేరుపడిన స్త్రీ. బుద్ధుడు ఆమె ఇంట భోజనానికి అంగీకరించినప్పుడు, ఆ ఆతిథ్యాన్ని తమకు వదిలితే లక్ష ఇస్తామన్నారు లిచ్ఛవి రాకుమారులు. వైశాలిని దాని రాజ్యంతో సహా ఇచ్చినా వదలనన్నది ఆమె. తన మామిడితోటను సంఘానికి దానం చేసింది. వృద్ధాప్యంలో ఆమె చెప్పిన గాథలో తన జుట్టు మొదలు పాదాల వరకు ఒక్కొక్క అవయవం ఒకప్పుడు ఎలా ఉండేదో, ఇప్పుడు ఎలా ఉందో చెబుతుంది. అందులో ఏడుపు లేదు, సిగ్గు లేదు. లోకం తనను ఏ అవయవాలుగా విడదీసి చూసిందో, ఆ అవయవాలనే తీసుకొని అనిత్యతకు సాక్ష్యంగా నిలబెట్టింది.

సోమ మరొకతె. ధ్యానం చేసుకొంటున్న ఆమె దగ్గరకు మారుడు వచ్చి, ఋషులు పొందదగిన స్థానం రెండు వేళ్ల ప్రజ్ఞగల ఆడదానికి దక్కదని బెదిరిస్తాడు. రెండు వేళ్ల ప్రజ్ఞ అంటే మన వంటింటికి తెలిసిన మాటే. అన్నం ఉడికిందో లేదో మెతుకును రెండు వేళ్ల మధ్య నొక్కి చూస్తాం కదా. ఆడదాని తెలివి అంతవరకేనని మారుని హేళన. చిత్తం సమాధి పొందినచోట, జ్ఞానం ప్రవర్తిస్తున్నచోట స్త్రీత్వం ఏమి అడ్డమని సోమ తిరిగి అడుగుతుంది. నేను స్త్రీనని, నేను పురుషుడనని అనుకొనేవారితో మాట్లాడుకో పొమ్మంటుంది. మన కాలపు మాటల్లో చెప్పాలంటే, ‘ఆడపిల్లకు ఇంత చదువెందుకు’ అనేవాడే మారుడు.

పుణ్ణిక నీళ్లు మోసే దాసి. చలికాలంలో నదిలో మునిగి పాపం కడుక్కొంటున్న బ్రాహ్మణునితో, నీటితోనే పవిత్రులవుతారంటే కప్పలూ తాబేళ్లూ ముందుగా స్వర్గానికి పోవాలి కదా అని వాదిస్తుంది. ఆమె నల్లగా ఉండేదా, తెల్లగా ఉండేదా? గాథ చెప్పదు. రెండున్నర వేల ఏళ్ల నుండి ఆమె తర్కం మాత్రం నిలిచి ఉంది.

బింబిసారుని రాణి ఖేమ తన సౌందర్యాన్ని చూసి గర్వించేదని, బుద్ధుని వద్దకు వెళ్లడానికి కూడా వెనుకాడేదని అట్టకథలు చెబుతాయి. తరువాత ఆమె భిక్షుణుల్లో ప్రజ్ఞకు అగ్రగణ్య అయింది. కోసలరాజు పసేనది ప్రయాణంలో ఒకచోట ఆగి, ఇక్కడ నేను సేవించదగిన శ్రమణులెవరున్నారని విచారిస్తే, పండితురాలు, మేధావిని అని ఆమె పేరు చెప్పారు. వెళ్లి, తథాగతుని గురించి అతి క్లిష్టమైన ప్రశ్న అడిగాడు. తరువాత అదే ప్రశ్న బుద్ధుని అడిగితే అదే సమాధానం వచ్చింది. ఒకప్పుడు రూపంతో ఎరిగిన స్త్రీని లోకం ఇప్పుడు ప్రజ్ఞతో ఎరిగింది. ఈ మార్పు జరగడానికి ఆమె రూపం మారనక్కరలేదు, లోకం అడిగే ప్రశ్న మారింది.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఒక ఇబ్బందికరమైన సత్యాన్ని కూడా చెప్పాలి. మన గ్రంథాలన్నీ ఇలాగే లేవు. స్త్రీ శరీరాన్ని పురుషునికి వలగా, అశుభానికి గుర్తుగా వర్ణించిన భాగాలు పాళీ సాహిత్యంలో ఉన్నాయి. భిక్షుణులను భిక్షువుల కంటే కింద నిలిపే ఎనిమిది గురుధర్మాలున్నాయి. మహాపురుష లక్షణాల్లో బంగారు ఛాయ ఒకటిగా లెక్కింపబడింది. వీటిని దాచిపెట్టి మన పిల్లల ఎదుట నిలబడితే, రేపు వారే చదివి మనల్ని నిలదీస్తారు.

1951లో మహాబోధి పత్రికలో ప్రచురించిన ‘హిందూ స్త్రీ ఉత్థాన పతనాలు’ అనే వ్యాసంలో బాబాసాహెబ్ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమని ఒక పత్రికలో వచ్చిన ఆరోపణకు అది సమాధానం. స్త్రీలను చూడనే వద్దని ఆనందునికి చెప్పినట్లున్న సంభాషణ తరువాతి భిక్షువులు చేర్చినదై ఉంటుందని, బుద్ధుని ఆచరణతో అది పొసగదని ఆయన వాదించారు. కూతురు పుట్టిందని చిన్నబోయిన పసేనదితో, కుమార్తె కుమారుని కంటే మిన్న కావచ్చునని బుద్ధుడు చెప్పిన ఘట్టాన్ని ఆయన గుర్తుచేశారు. గ్రంథాన్ని గ్రంథంతోనే పరీక్షించే ఈ పద్ధతి మనకు ఆయన ఇచ్చిన ఆస్తి.

ఆ పద్ధతిలోనే నేను మూడు విషయాలు మనవి చేస్తాను. అంగుత్తర నికాయం మొదట్లోనే, పురుషుని చిత్తాన్ని స్త్రీరూపం పట్టుకొన్నంతగా మరేదీ పట్టుకోదని ఉంది. ఈ భాగాన్ని ఉటంకించేవారు అక్కడే ఆగిపోతారు. వెంటనే, స్త్రీ చిత్తాన్ని పురుషరూపం పట్టుకొన్నంతగా మరేదీ పట్టుకోదని కూడా ఉంది. దోషం స్త్రీ శరీరంలో లేదు, పట్టుకొనే చిత్తంలో ఉంది. రెండవది, లకుంటక భద్దియుడు అనే పొట్టివాడైన, అనాకారి అయిన భిక్షువును తోటివారు హేళన చేసినప్పుడు, ఆయన మహానుభావుడని బుద్ధుడు చెప్పి వారి చూపును సరిదిద్దాడు. మూడవది, జబ్బుపడి కూడా బుద్ధుని రూపం చూడాలని తపించిన వక్కలితో, ఈ శరీరాన్ని చూడడంలో ఏముంది, ధమ్మాన్ని చూసినవాడే నన్ను చూసినట్లని అన్నాడు. బంగారు ఛాయ గురించి మాట్లాడేవారికి ఆ బంగారు ఛాయ గలవాడే ఇచ్చిన సమాధానం ఇది.

ఇందులోనే మరొక హెచ్చరిక ఉంది. శరీరం అనిత్యమన్న మాటను ఎవరు, ఎవరితో అంటున్నారన్నది ముఖ్యం. అంబపాలి తన శరీరం గురించి తానే చెబితే అది విముక్తి. అదే మాటను తండ్రో, అన్నో, అధ్యాపకుడో పదహారేళ్ల పిల్లతో “అలంకారం ఎందుకు, అన్నీ అనిత్యమే” అని గద్దిస్తూ అంటే అది మరొక పెత్తనం. ఆడపిల్ల పూలు పెట్టుకోవడం, నచ్చిన రంగు చీర కట్టుకోవడం ధమ్మవిరుద్ధం కాదు. అది పెట్టుకోకపోతే, ఇది రాసుకోకపోతే తనకు విలువ లేదన్న భయమే దుఃఖం. మనం తొలగించవలసింది ఆ భయాన్ని. అద్దాన్ని కాదు.

ఈ సందర్భంలో మన తెలుగు నేలపై బౌద్ధం మిగిల్చిన రాళ్లను ఒకసారి తలచుకోవాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో స్త్రీలు అపూర్వ సౌందర్యవతులు. సన్నని నడుములు, వంపు తిరిగిన మేనులు, దాదాపు అందరూ ఒకే మూసలో ఉంటారు. వారు శిల్పి ఊహలోని స్త్రీలు. ఆ రాళ్లపైనే, ఆ స్తంభాలపైనే బ్రాహ్మీ లిపిలో మరికొందరు స్త్రీలున్నారు. అమరావతిలో దానమిచ్చిన ఉపాసికలు, భిక్షుణులు, గృహిణుల పేర్లు కనిపిస్తాయి. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, కుమార్తెలతో కలిసి ఇచ్చిన దానం కూడా అక్కడ నమోదైంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానాల శాసనం ఉంది. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు, పేదలకు ఆమె చూపిన దాతృత్వాన్ని అది కొనియాడుతుంది. బోధిసిరి అనే ఉపాసిక తన బంధువులందరి పేర్లనూ, తాను కట్టించిన వాటినీ వరుసగా చెక్కించింది. ఈ స్త్రీలు తమను గురించి లోకం ఏమి గుర్తుంచుకోవాలనుకున్నారు? పేరు, బంధుత్వం, చేసిన పని, దానిని ఎవరి మేలు కోసం చేశారన్న సంగతి. చాంతిసిరి ఛాయ ఏమిటో ఆమె శాసనం చెప్పదు. యాత్రికులు శిల్పంలోని స్త్రీని ఫొటో తీసుకొంటారు. శాసనంలోని స్త్రీ దగ్గర ఆగేవారు తక్కువ. మన కుమార్తెలను ఏ స్త్రీ వారసులుగా పెంచుతామన్నదే నేడు మన ముందున్న ప్రశ్న.

ముగించే ముందు ఆచరణకు సంబంధించి కొన్ని మాటలు. మన సంఘాలు నడిపే వివాహ పరిచయ వేదికల దరఖాస్తుల్లో రంగు గడిని తీసివేయండి. ఎవరైనా అడిగితే, ఆ గడి మా ధమ్మంలో లేదని చెప్పండి. మన సభల్లో అతిథులకు పూలగుచ్ఛాలు ఇవ్వడానికి, జ్యోతి వెలిగించడానికి పిల్లలను ఎలా ఎంపిక చేస్తున్నామో గమనించండి. కళాశాల వార్షికోత్సవాల్లో తెల్లని పిల్లలను ఏరి ముందు నిలబెట్టడం నేను ఎన్నో ఏళ్లు చూశాను, చూసి ఊరకున్నాను. వెనుక వరుసలో నిలబడిన పిల్లలకు తాము ఎందుకు వెనుక ఉన్నారో తెలుసు. వారు చెప్పరు, అంతే. బుద్ధవిహారంలో ఆదివారం పిల్లలకు చెప్పే పాఠాల్లో సోమను, పుణ్ణికను చేర్చండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు మరీ ముఖ్యంగా చెప్పండి, ఎందుకంటే రేపు పెళ్లిచూపులకు వెళ్లేది వాళ్లే. క్యాలెండర్లు అచ్చువేసేవారు తథాగతునికి, బాబాసాహెబ్‌కు గులాబీ రంగు పూయడం మానండి. వైద్యుడు రాయని పూతమందు ఇంట్లో ఉంటే ఈ రాత్రే పారవేయండి. అన్నిటికంటే ముందుగా ‘నల్లగా ఉన్నా’ అన్న మాటలోని ఆ రెండక్షరాలను మన నాలుకపై నుండి తొలగించుకొందాం.

1956 అక్టోబరు 14న నాగ్‌పూర్ దీక్షాభూమికి లక్షలాది ప్రజలు తెల్లని వస్త్రాలు ధరించి వచ్చారు. ఉన్న ఒక్క చీరను ఉతికి కట్టుకొని వచ్చిన తల్లులు వారిలో ఎందరో ఉండి ఉంటారు. వారు ఆ రోజు కోరుకున్న తెలుపు వస్త్రానిదే, చర్మానిది కాదు. ఆ వస్త్రం లోపల ఉన్న ఛాయతోనే, ఏమీ దాచకుండా, మనుషులందరూ సమానులని ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞలో వారి కుమార్తెలు, మనుమరాళ్లు కూడా ఉన్నారు.

మా చెల్లెలి కుమార్తెకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ రంగే వచ్చింది. ఆ పాపకు సంబంధించి ఏ కాగితం రాయవలసి వచ్చినా నన్ను మాత్రం రాయనివ్వనని మా చెల్లెలు నవ్వుతూ అంటూ ఉంటుంది. నవ్వుతూనే అన్నా, అది సగం నిజమని నాకు తెలుసు. ఆ నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవడానికే ఈ రోజు మీ అందరి ఎదుట ఈ విషయం చెప్పుకొన్నాను.

 నమో బుద్ధాయ. జై భీమ్.